కొత్త మానిటర్‌పై లినక్స్ టెక్స్ట్ కన్సోల్ రిజల్యూషన్ తగ్గించడం ఎలా?

ప్రశ్న: రామచంద్రపురం నుంచి

అందరికీ నమస్కారం. మా ప్రాంతంలోని ఒక రైస్ మిల్లులో ధాన్యం లారీలను తూచే కాటా దగ్గరి కంప్యూటర్‌ను నేను చూసుకుంటున్నాను. అందులో డెస్క్‌టాప్ ఏదీ లేదు. యంత్రం వెలిగించగానే డెబియన్ లినక్స్ టెక్స్ట్ కన్సోల్ (అక్షరాలు మాత్రమే కనిపించే తెర) వస్తుంది, అందులోనే చాలా ఏళ్ళ క్రితం నేను రాసిన తూకం ప్రోగ్రాం మొదలవుతుంది. లారీ నంబరు, రైతు పేరు, బస్తాల లెక్క, తేమ శాతం, నిండు బరువు, ఖాళీ బరువు, ఇంతే దాని పని. 80 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు ఉండే పాత తెర కొలతకు సరిపోయేలా గీతలతో గళ్ళు గీసి దాన్ని తయారు చేశాను.

పోయిన నెలలో పాత కంప్యూటర్, దానితో పాటు 15 అంగుళాల సీఆర్‌టీ మానిటర్ రెండూ పాడయ్యాయి. వాటి స్థానంలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న యంత్రాన్ని, 22 అంగుళాల 1920×1080 మానిటర్‌ను తెచ్చి, డెబియన్ 12 ఎక్కించి, ప్రోగ్రాంను అందులోకి మార్చాను. ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది కానీ, తెర మొత్తంలో ఎడమవైపు పై మూలన ఒక చిన్న ముక్కగా కనిపిస్తోంది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కాటా దగ్గర కూర్చునే గుమాస్తా గారికి డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి అంకెలు చదువుకోవలసి వస్తోంది. మొన్న ఒక లారీ తూకంలో 3కు బదులు 8 చదివి, తరువాత తానే గుర్తించి దిద్దుకున్నారు. దాళ్వా మాసూళ్ళు మొదలైతే గేటు బయట లారీలు బారులు తీరతాయి. అప్పటికి దీన్ని సరిచేయకపోతే ఆయనకూ ఇబ్బంది, ధాన్యం తెచ్చిన రైతుకూ నష్టం.

నేను చేసిన ప్రయత్నాలు ఇవి. పాత యంత్రంలో కెర్నల్ (లినక్స్ మూల భాగం) మొదలయ్యేటప్పుడు చదివే అమరికల వరుసకు చివర వీజీఏ=791 అని చేర్చేవాడిని, తెర 1024×768కి వచ్చేది. ఇప్పుడు అదే చేర్చితే బూట్ మొదట్లో ఒక హెచ్చరిక కనిపించి పోతోంది, ఒకటి రెండు క్షణాలు పెద్ద అక్షరాలు వస్తున్నాయి, ఆ తరువాత తెర ఒకసారి నల్లబడి మళ్ళీ చిన్న అక్షరాలకే వెళ్ళిపోతోంది. ఎఫ్‌బీసెట్ ఆదేశంతో మార్చబోతే విలువ చెల్లదని తిప్పికొట్టింది. కన్సోల్ రిజల్యూషన్‌ను (తెర మీది చుక్కల కొలతను) 800×600కో 1024×768కో శాశ్వతంగా తగ్గించే మార్గం ఏమిటో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

(ఆదేశాలనూ ఫైళ్ళ పేర్లనూ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలని, కొలతల మధ్య గుణకారం గుర్తు ఉన్నచోట చిన్న ఎక్స్ అక్షరం కొట్టాలని కొత్తవారు గమనించగలరు.)

జవాబు: భీమవరం నుంచి

మీరు వర్ణించిన తీరులోనే కారణం దొరుకుతోంది. ఒకటి రెండు క్షణాలు పెద్ద అక్షరాలు వచ్చి, తెర నల్లబడి, చిన్నవైపోతున్నాయి అన్నారు కదా. ఆ నల్లబడిన క్షణంలోనే తెర మీది అధికారం ఒకరి చేతిలో నుంచి మరొకరి చేతిలోకి మారుతోంది.

వీజీఏ=791 అన్నది వీడియో కార్డులోని బయాస్‌ను (కార్డులోనే ఉండే మూల ప్రోగ్రాంను) ఆశ్రయించిన పాత పద్ధతి. వీసా అనే వీడియో ప్రమాణంలో 1024×768, 16 బిట్ల రంగులు ఉన్న మోడ్‌కు హెక్సాడెసిమల్ (16 ఆధారంగా లెక్కించే) లెక్కలో 117 అనే సంఖ్య ఉంది. లినక్స్ దానికి అదే లెక్కలో 200 కలుపుతుంది. వచ్చిన 317ను మామూలు దశాంశంలోకి మార్చితే 791 అవుతుంది. 800×600కు 788, 1280×1024కు 794 అలాగే వచ్చాయి. ఆ మోడ్‌ను కెర్నల్ మొదలయ్యే తొలి క్షణాల్లో బయాస్ ద్వారా పెట్టేవారు, ఆ తరువాత ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు. 2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నల్‌తో ఇంటెల్ గ్రాఫిక్స్‌కు కెర్నల్ మోడ్ సెట్టింగ్ అనే పద్ధతి ప్రవేశించింది. తరువాతి కెర్నళ్ళలో రేడియాన్ (ఏఎండీ), నూవో (ఎన్‌విడియా) డ్రైవర్లకూ, అంటే ఆ గ్రాఫిక్స్ కార్డులను నడిపే ప్రోగ్రాంలకూ వచ్చింది. ఇందులో గ్రాఫిక్స్ డ్రైవర్ లోడు కాగానే మానిటర్‌ను పలకరించి, దాని సహజ కొలత ఎంతో తెలుసుకుని, ఆ కొలతనే కన్సోల్‌కు పెడుతుంది. కనుక మీ 791 పని చేయకపోలేదు, డ్రైవర్ వచ్చేవరకు మాత్రమే పని చేసింది. అదే కారణంగా గ్రబ్ (యంత్రం వెలిగించగానే బూట్ మెనూ చూపే ప్రోగ్రాం) అమరికల్లోని జీఎఫ్ఎక్స్‌మోడ్ విలువను మార్చినా మెనూ తెర మారుతుంది కానీ మీ కన్సోల్ మారదు. ఎఫ్‌బీసెట్ కూడా పాత ఫ్రేంబఫర్ (తెర బొమ్మను దాచే మెమరీ) డ్రైవర్ల కాలానిది, ఈ కొత్త డ్రైవర్ల దగ్గర రిజల్యూషన్ మార్చే పని దానితో కాదు.

కొత్త డ్రైవర్ వినే మాట వేరు. అది కెర్నల్ వరుసలో రాసే వీడియో= అనే అమరిక. ముందుగా మీ మానిటర్ ఏ కనెక్టర్‌కు తగిలించి ఉందో చూడండి. సిస్ డైరెక్టరీలో క్లాస్, అందులో డీఆర్ఎం అనే చోటికి వెళ్తే కార్డ్0-హెచ్‌డీఎంఐ-ఏ-1, కార్డ్0-వీజీఏ-1 వంటి పేర్లతో డైరెక్టరీలు ఉంటాయి. ఒక్కొక్కదానిలో స్టేటస్ అనే ఫైలు చదివితే తగిలించి ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది, మోడ్స్ అనే ఫైలు చదివితే ఆ మానిటర్ ఒప్పుకునే కొలతలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఆ జాబితాలో ఉన్న కొలతనే ఎంచుకోండి. లేనిదాన్ని బలవంతంగా పెడితే కొన్ని మానిటర్లు పరిధి దాటిందని చెప్పి తెర ఆపేస్తాయి.

మొదటిసారే ఫైలులో రాసేయకుండా తాత్కాలికంగా పరీక్షించండి. గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివరకు వెళ్ళి, వీజీఏ=791 తీసేసి, వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:1024×768@60 అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కితే ఆ ఒక్క బూట్‌కు మాత్రమే అది వర్తిస్తుంది. తేడా వస్తే మళ్ళీ వెలిగిస్తే చాలు, పాత స్థితికి వచ్చేస్తుంది. కార్డ్0 అన్న ముందు భాగం ఇక్కడ రాయకూడదు, కనెక్టర్ పేరు మాత్రమే రాయాలి. కనెక్టర్ పేరు అసలు లేకుండా కొలత మాత్రమే రాస్తే తగిలించి ఉన్న తెరలన్నిటికీ వర్తిస్తుంది. ఫలితం నచ్చితే ఈటీసీ డైరెక్టరీలో డీఫాల్ట్ కింద ఉన్న గ్రబ్ ఫైలులో, గ్రబ్ కమాండ్‌లైన్ లినక్స్ డీఫాల్ట్ అనే వరుస కొటేషన్ గుర్తుల మధ్య దీన్ని చేర్చి, అప్‌డేట్-గ్రబ్ నడిపితే శాశ్వతమవుతుంది.

జవాబు: పాలకొల్లు నుంచి

భీమవరం మిత్రులు చెప్పినదంతా సరైనదే, అడిగిన ప్రశ్నకు సూటి జవాబూ అదే. అయినా మీ గుమాస్తా గారి కళ్ళను దృష్టిలో పెట్టుకుని చూస్తే మీరు రిజల్యూషన్ తగ్గించకూడదని నా అభిప్రాయం. కారణం చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

సీఆర్‌టీ మానిటర్‌లో ఏ కొలత పెట్టినా ఆ కిరణం ఆ కొలతకు తగ్గట్టు గీసేది, అక్షరం అంచు అన్నిటిలోనూ ఒకే తీరుగా కనిపించేది. ఎల్‌సీడీ తెర అలా కాదు. దానిలో 1920 అడ్డంగా, 1080 నిలువుగా చుక్కలు స్థిరంగా అమర్చి ఉంటాయి. మీరు 1024×768 పంపితే ఒక్కొక్క చుక్కను అడ్డంగా 1.875 రెట్లు, నిలువుగా 1.4 రెట్లు సాగదీయాలి. పూర్ణ సంఖ్య కాని రెట్టింపు కనుక అక్షరం అంచులు పక్క చుక్కల్లోకి పాకి మసకబారతాయి, పైగా అడ్డానికీ నిలువుకూ రెట్లు ఒకటి కాదు కనుక అక్షరాలు బొద్దుగా సాగిపోతాయి. 3కూ 8కీ తేడా ఎడమవైపు మూసి ఉందా తెరిచి ఉందా అన్న ఒక్క విషయంలోనే ఉంది. మసక అంచు సరిగ్గా ఆ తేడానే చెరిపేస్తుంది. అక్షరం పెద్దదై కూడా చదవడానికి కష్టమయితే మీరు పడిన శ్రమకు ప్రయోజనం ఏముంటుంది?

మీకు కావలసింది పెద్ద అక్షరం, తక్కువ రిజల్యూషన్ కాదు. పాత కాలంలో ఈ రెండూ ఒకటిగా ఉండేవి కనుక మనకు అలా అలవాటయింది. ఇప్పుడు ఫాంట్‌ను విడిగా పెంచుకోవచ్చు.

కొలతలు వేసి చూద్దాం. కన్సోల్‌లో మామూలుగా ఉండే ఫాంట్ గడి 8 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు. 1920ని 8తో భాగిస్తే 240 నిలువు వరుసలు, 1080ని 16తో భాగిస్తే 67 అడ్డు వరుసలు. మీ 80×25 ప్రోగ్రాం అందులో మూలకు ఒదిగిపోవడంలో వింత లేదు. 22 అంగుళాల వెడల్పు తెర ఎత్తు సుమారు 27 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే ఒక వరుస ఎత్తు 4 మిల్లీమీటర్లు. మీ పాత 15 అంగుళాల సీఆర్‌టీలో కనిపించే ఎత్తు సుమారు 21 సెంటీమీటర్లు, అందులో 25 వరుసలు, అంటే ఒక్కొక్కటి 8 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. ఇప్పుడు 16×32 కొలత ఉన్న టెర్మినస్ ఫాంట్ పెడితే వరుస ఎత్తు సరిగ్గా రెట్టింపై 8 మిల్లీమీటర్లకు వస్తుంది. గుమాస్తా గారికి ఇన్నేళ్ళుగా అలవాటైన అక్షరం ఎత్తు దాదాపుగా అదే. పైగా ఆ ఫాంట్‌ను ఆ కొలతకే గీశారు, చిన్నదాన్ని సాగదీసింది కాదు, అందువల్ల ప్రతి గీతా తెర చుక్కల మీద నేరుగా కూర్చుంటుంది.

దానిని పెట్టే విధానం ఇది. రూట్ (నిర్వాహకుడి) అధికారంతో డీపీకేజీ-రీకాన్ఫిగర్ కన్సోల్-సెటప్ అని నడపండి. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉంచండి, అక్షర సమితి అది సూచించినదే ఉంచండి, ఫాంట్ దగ్గర టెర్మినస్ ఎంచుకోండి, కొలత దగ్గర 16×32 ఎంచుకోండి. కొంచెం లావు గీతలు కావాలంటే టెర్మినస్ బోల్డ్ కూడా అక్కడే ఉంటుంది. ఈ ఎంపికలన్నీ ఈటీసీలో డీఫాల్ట్ కింద కన్సోల్-సెటప్ అనే ఫైలులో నిలిచిపోతాయి. ముందుగా రుచి చూడాలనుకుంటే సెట్‌ఫాంట్ ఆదేశానికి లాట్15-టెర్మినస్32×16 అనే పేరు ఇవ్వండి. ఇక్కడ నేను ఒకప్పుడు గంటసేపు తికమకపడ్డాను: మెనూలో వెడల్పు ముందు రాస్తారు, ఫైలు పేరులో ఎత్తు ముందు రాస్తారు. 16×32 అనే ఫైలు కోసం వెతికితే దొరకదు. ఇంకొక మాట, సెట్‌ఫాంట్‌ను ఆ యంత్రం ముందు కూర్చుని కన్సోల్‌లోనే నడపాలి. ఇంటి నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్ళి నడిపితే కన్సోల్ దొరకలేదని అంటుంది.

దీనితో తెర 120 నిలువు వరుసలు, 33 అడ్డు వరుసలుగా మారుతుంది. ప్రోగ్రాం ఇంకా ఎడమవైపునే ఉంటుంది కానీ మూడింట రెండు వంతుల వెడల్పు ఆక్రమిస్తుంది. దాన్ని రాసినది మీరే కనుక 80, 25 అని గట్టిగా రాసిన చోట్ల టెర్మినల్‌ను కొలత అడిగేలా మార్చితే మధ్యలోకి తెచ్చుకోవచ్చు. ఎస్‌టీటీవై సైజ్ అని కొడితే ముందు అడ్డు వరుసలు, తరువాత నిలువు వరుసలు చెబుతుంది. ప్రోగ్రాంలో ఎన్‌కర్సెస్ (టెక్స్ట్ తెరలు గీసే లైబ్రరీ) వాడి ఉంటే ఆ రెండు సంఖ్యలూ మీకు సిద్ధంగానే ఉంటాయి.

తెర నిండా రావలసిందే అనుకుంటే మరొక కలయిక ఉంది: వీడియో= ద్వారా 1280×720 పెట్టి, 14×28 ఫాంట్ వాడితే 91 నిలువు వరుసలు, 25 అడ్డు వరుసలు వస్తాయి. నిష్పత్తి 16:9 కనుక అక్షరాలు సాగవు, ఒకటిన్నర రెట్ల మసక మాత్రం ఉంటుంది. మొదటిదే నా సలహా. మీ కెర్నల్ 6.1 కనుక 32 చుక్కల కంటే ఎత్తయిన ఫాంట్ అది తీసుకోదు. తరువాతి కెర్నళ్ళలో ఈ హద్దును పెంచారు.

ప్రశ్న వేసినవారు: రామచంద్రపురం నుంచి

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మిల్లు పని ముగిశాక రెండు పద్ధతులూ పరీక్షించాను. గుమాస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఏమిటో చెప్పకుండా, ఒకే తూకం చీటీని మూడు అమరికల్లో చూపించాను. 1024×768 చూసి పెద్దగానే ఉంది కానీ మంచులో చూస్తున్నట్టు ఉందన్నారు. 1280×720తో 14×28 పెట్టినప్పుడు బాగుందన్నారు. సహజ రిజల్యూషన్‌లో 16×32 పెట్టగానే కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ వెనక్కి జరుపుకుని, అక్కడ నుంచే బరువు చదివారు. ఇక ఏది ఉంచాలని అడగవలసిన అవసరం కలగలేదు. ప్రోగ్రాంలో ఎడమవైపు 20 వరుసలు, పైన 4 వరుసలు ఖాళీ వదిలేలా మార్చాను, మధ్యలోకి వచ్చింది.

రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది: కరెంటు పోయి వచ్చి యంత్రం మళ్ళీ వెలిగినప్పుడు, ఒక్కోసారి ఫాంట్ 16×32గా వస్తోంది, ఒక్కోసారి చిన్నదిగానే ఉండిపోతోంది. అమరిక మాత్రం ఫైలులో సరిగ్గానే ఉంది. అప్పుడు సెటప్‌కాన్ అని కొడితే పెద్దదవుతోంది, కానీ ఆ మాట గుమాస్తా గారి చేత కొట్టించడం నాకు ఇష్టం లేదు.

రెండవది: వెనుక గేటు దగ్గర ఇంకొక కాటా ఉంది. అక్కడ కంప్యూటర్ నుంచి ఒక పొడవాటి వీజీఏ కేబుల్ తీసి, స్ప్లిటర్ పెట్టి, ఒక మానిటర్ లోపల గుమాస్తాకూ, ఇంకొకటి బయట లారీ డ్రైవర్‌కూ రైతుకూ బరువు కనిపించేలా అమర్చాం. లోపలి మానిటర్ 1920×1080దే. అయినా ఆ యంత్రం ఎవరూ ఏమీ చెప్పకుండానే 1024×768లో వస్తోంది. ఇక్కడ తగ్గించమంటే తగ్గని తెర అక్కడ తానే ఎందుకు తగ్గింది?

జవాబు: కాకినాడ నుంచి

రెండవ సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే స్ప్లిటర్ అని మీరు రాయగానే సగం జవాబు వచ్చేసింది.

మానిటర్ తన కొలతలను ఈడీఐడీ అనే చిన్న సమాచారపు ముక్కగా కంప్యూటర్‌కు చెబుతుంది. వీజీఏ కేబుల్‌లో ఆ మాట 12, 15 సంఖ్యల పిన్నుల మీదుగా వస్తుంది. చవక స్ప్లిటర్లలోనూ కొన్ని పొడవాటి కేబుళ్ళలోనూ ఆ పిన్నులకు తీగ కలపరు. బొమ్మ వెళ్ళడానికి అవి అవసరం లేదు కనుక తెర వెలుగుతుంది, కానీ కంప్యూటర్‌కు అవతల ఏ మానిటర్ ఉందో తెలియదు. ఏమీ తెలియనప్పుడు లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ 1024×768కి మించని సాధారణ మోడ్‌లను మాత్రమే జాబితాలో పెట్టుకుని, అందులో పెద్దదాన్ని ఎంచుకుంటుంది. నిర్ధారించుకోవాలంటే భీమవరం మిత్రులు చెప్పిన డీఆర్ఎం డైరెక్టరీలో కార్డ్0-వీజీఏ-1 కింద ఈడీఐడీ అనే ఫైలు ఉంటుంది, దాన్ని చదివి చూడండి. ఖాళీగా ఉంటే నేను చెప్పినదే కారణం.

వీడియో=వీజీఏ-1:1920×1080@60 అని రాసి బలవంతం చేయవచ్చు; జాబితాలో లేని కొలతకు కెర్నల్ తానే సమయాలు లెక్కకట్టుకుంటుంది. లేదా మానిటర్‌ను ఒకసారి మంచి కేబుల్‌తో నేరుగా తగిలించి, అప్పుడు నిండిన ఈడీఐడీ ఫైలును కాపీ చేసి దాచుకుని, డీఆర్ఎం ఈడీఐడీ ఫర్మ్‌వేర్ అనే కెర్నల్ అమరిక ద్వారా దానినే చదువుకోమని చెప్పవచ్చు. అయితే ఈ రెండూ మీకు సిఫారసు చేయలేను. బయటి మానిటర్ ఏ కొలతదో మీరు రాయలేదు. అది పాతదయితే 1920×1080 పంపగానే లోపల తెర బాగుపడి, బయట రైతు చూసే తెర ఆగిపోతుంది. పైగా పొడవాటి అనలాగ్ కేబుల్ మీద అంత వేగంగా సంకేతం పంపితే అక్షరాల పక్కన నీడలు పడతాయి. అక్కడ 1024×768నే ఉంచి, 12×24 టెర్మినస్ ఫాంట్ పెట్టండి. 85 నిలువు వరుసలు, 32 అడ్డు వరుసలు వస్తాయి, మీ ప్రోగ్రాం దాదాపు తెర వెడల్పంతా నిండుతుంది. లోపలి మానిటర్ మెనూలో నిష్పత్తిని 4:3కి మార్చితే సాగడం తగ్గుతుంది.

ఇక ఫాంట్ ఒక్కోసారి చిన్నగా ఉండిపోవడం. బూట్ అయ్యేటప్పుడు ఫాంట్ పెట్టే పని, గ్రాఫిక్స్ డ్రైవర్ లోడు అయ్యే పని వేర్వేరుగా జరుగుతాయి. ఫాంట్ ముందు పడి, డ్రైవర్ వెనుక వస్తే, డ్రైవర్ కొత్త కన్సోల్‌ను తెరిచి కెర్నల్‌లోని మామూలు ఫాంట్‌తో మొదలుపెడుతుంది. మీరు పెట్టినది పాత కన్సోల్‌తో పాటే పోతుంది. డ్రైవర్ ముందు వచ్చిన రోజున అంతా బాగుంటుంది. అందుకే ఒక్కోసారి ఒక్కో తీరు. డ్రైవర్ ఎప్పుడూ ముందే వచ్చేలా చేయాలి. ఈటీసీలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ కింద మాడ్యూల్స్ అనే ఫైలు చివర ఐ915 అని ఒక వరుస చేర్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఆదేశాన్ని హైఫన్ యూ తో నడపండి. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అంటే బూట్ తొలి దశలో కెర్నల్ వాడుకునే ఫైళ్ళ మూట. ఐ915 అంటే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు. ఏఎండీ కార్డు ఉన్నవారు తమ డ్రైవర్ పేరు రాసుకోవాలి.

సందేహం: అమలాపురం నుంచి

ఈ చర్చ చదువుతుంటే నాకూ ఒక ప్రశ్న తోచింది. కొబ్బరి కాయల లెక్క రాసుకోవడానికి నేను కూడా ఇలాంటి కన్సోల్ ప్రోగ్రామే వాడుతున్నాను. అక్షరాలు ఇంత పెద్దవి చేసుకోగలిగినప్పుడు, రైతుల పేర్లు తెలుగులోనే కనిపించేలా ఒక తెలుగు ఫాంట్‌ను సెట్‌ఫాంట్‌తో ఎక్కించుకోలేమా? నేను ప్రయత్నిస్తే అన్నీ ఖాళీ గళ్ళే వచ్చాయి.

జవాబు: పాలకొల్లు నుంచి

కన్సోల్‌లో అది కుదరదండి. నాకూ ఇది ఎంతో కాలంగా ఉన్న కోరికే కనుక వివరంగా చెబుతాను. కన్సోల్ ఫాంట్‌లో 256 గానీ 512 గానీ ఆకారాలకే చోటు ఉంటుంది. అంతకంటే పెద్ద అడ్డంకి ఏమిటంటే, కన్సోల్ ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క గడి ఇచ్చి, దాని బొమ్మను దానిలో విడిగా గీస్తుంది. ఇంగ్లీషుకు అది చాలు. మనకు అక్షరం అలా పుట్టదు. స్త్రీ అన్న ఒక్క అక్షరంలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈ గుణింతం అని 6 సంకేతాలు ఉంటాయి. వాటిని కలిపి చూసి, ఒత్తులను కిందకు పంపి, గుడిదీర్ఘాన్ని పైకి చేర్చి, ఒకే ఆకారంగా కూర్చే పని ఎవరో ఒకరు చేయాలి. ఆ కూర్పు కెర్నల్ కన్సోల్‌లో లేదు. ఒకవేళ తెలుగు ఆకారాలు పెట్టిన ఫాంట్ తయారు చేసినా హల్లులు, పొల్లులు, గుణింతాలు విడివిడిగా పక్కపక్కన పడతాయి తప్ప పేరు చదివే తీరులో రాదు.

కెర్నల్ కన్సోల్‌కు బదులుగా కేఎంఎస్‌కాన్ అనే ప్రోగ్రాం ఉంది, అది పాంగో అనే కూర్పు లైబ్రరీతో అక్షరాలు గీయగలదు. అయినా అక్కడ కూడా తెర గళ్ళుగానే విభజించి ఉంటుంది, ఒత్తులున్న తెలుగుకు ఆ గడి ఇరుకు. మీ అవసరానికి నేనయితే ప్రోగ్రాంలో పేర్లు తెలుగులోనే దాచి, కన్సోల్‌లో ఇంగ్లీషు లిపి పేరు చూపించి, రైతు చేతికి ఇచ్చే చీటీని మాత్రం పాంగో ద్వారా తెలుగులో ముద్రిస్తాను. రైతు చదువుకునేది ఆ కాగితమే కదా. తెర మీద కూడా తెలుగు ఉండి తీరాలంటే అంకెల ప్రోగ్రాంను కన్సోల్ నుంచి తీసి, చిన్న గ్రాఫికల్ తెరగా తిరగరాయడమే సరైన దారి.

ప్రశ్న వేసినవారు: రామచంద్రపురం నుంచి

కాకినాడ మిత్రులు చెప్పినట్టు ఐ915 వరుస చేర్చి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ తయారు చేశాను. వెనుక గేటు యంత్రంలో ఈడీఐడీ ఫైలు ఖాళీగానే ఉంది. బయటి మానిటర్ పాత 17 అంగుళాలది, దాని సహజ కొలత 1280×1024. అక్కడ 1024×768 అలాగే ఉంచి 12×24 పెట్టాను. రైతులు గట్టు మీద నిలబడే బరువు చదువుకుంటున్నారు. తూకం చీటీ తెలుగులో ముద్రించే ఆలోచన కూడా మిల్లు యజమానికి చెప్పాను, సార్వా నాటికి చేసి పెట్టమన్నారు.

నిన్న ఒక్క రోజే మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. మూడుసార్లూ ముందు కాటా యంత్రం 16×32తోనే లేచింది.